దొరసానికి అడవి సంబంధం

మా వైపు ఆడవాళ్లు ఊరు దాటారంటే పెళ్లికో, పురిటికో, ఆసుపత్రికో అయి ఉంటుంది. గేదెను తోలుకుని, దానికి మొగుణ్ణి వెతకడానికి మందస కొండల దాకా నడిచి వెళ్లినదాన్ని ఉద్దానం మొత్తానికి నేనొక్కదాన్నే అనుకుంటాను. వెళ్లొచ్చి ఏళ్లయినా ఇంకా అడుగుతూనే ఉంటారు. అడిగినవాళ్లందరికీ మొదటినుంచీ చెప్పలేక కాగితం మీద పెడుతున్నాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, కానీ ఏ రోజు ఏం తిన్నామో, ఎవరు ఏమన్నారో అన్నీ గుర్తే.

గేదె పేరు దొరసాని. కొమ్ములు కత్తుల్లా వెనక్కి సాగి ఉంటాయి. తల ఎత్తి నడుస్తుంది. దారిలో మనిషి ఎదురైతే మనిషే తప్పుకోవాలి. అలాంటి దొరసాని రెండేళ్లుగా చూడి కట్టలేదు, పాలు వట్టిపోయాయి. మా ఆయన ఓపిక పట్టి పట్టి చివరికి టెక్కలి నుంచి వచ్చే బేరగాడికి మాట ఇచ్చేశాడు. ఈ లక్ష్మివారం కాక వచ్చే లక్ష్మివారం తోలుకుపోతాడని. వట్టిపోయిన గేదెను బేరగాడు ఎందుకు కొంటాడో, లారీ ఎక్కించి ఎక్కడికి పంపుతాడో నాకు తెలుసు.

చూడి కట్టకపోవడంలో నా చెయ్యి కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. పక్కింటి పోలయ్య బావకి ఒక దున్నపోతు ఉండేది. ఒక కొమ్ము సగానికి విరిగింది, గడ్డం కింద తెల్లమచ్చ, వెనక కాలు కొంచెం కుంటి. అది మా గోడ దగ్గరికి వచ్చినప్పుడల్లా చీపురు తీసుకుని తరిమేదాన్ని. పశువుల డాక్టరు సూది వేస్తానంటే వద్దన్నాను. ఎందుకంటే మా దొరసానిది అడవి రక్తం. అది మా అమ్మమ్మ చెప్పిన సంగతి.

అమ్మమ్మ పుట్టిల్లు మందస కొండల దిగువ. ఆమె కొత్త పెళ్లికూతురుగా ఉన్న రోజుల్లో ఊళ్లో పశువులకి ముసర రోగం వచ్చింది. నోటినిండా పుళ్లు, కళ్లు కారడం, పారుడు, మూడు నాలుగు రోజుల్లో పశువు పడిపోవడం. పెద్దలు ఒక జబ్బు గేదెకి పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపదండ వేసి, డప్పులతో పొలిమేర దాటించి కొండవైపు తోలేశారు. రోగాన్ని వెంట తీసుకుపొమ్మని. ఊళ్లో రోగం ఆగింది. మరుసటి వానల్లో కొండ మీంచి ఒక అడవిపోతు తనంతట తానే దిగి వచ్చి మా మందలో కలిసింది. కొందరు అడవిదున్న అంటే మూపు ఎత్తుగా ఉండే దున్న అనుకుంటారు, అది వేరే జాతి. ఇవి మన గేదెల్లాగే బురదలో పొర్లేవి, కాకపోతే రెండింతలు. ఆ పోతు సంతతిలో ఒక పెయ్య మా అమ్మకి పెళ్లిలో అరణంగా వచ్చింది. దాని మనవరాలి మనవరాలు దొరసాని. కొండ మన పూజ మెచ్చి పోతును పంపిందే అని అమ్మమ్మ ముగించేది. నేనూ అలాగే ముగించి ఊళ్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

అందుకే మా ఆయనతో అన్నాను, దీనికి అడవిపోతే కావాలి, కొండకి తోలుకెళ్లి చూడి కట్టించుకొస్తాను, అప్పటిదాకా బేరగాణ్ణి ఆపమని. ఆయన బీడీ ఆర్పేసి, "లచ్చివారం దాకా నీది. ఆపైన నాది" అన్నాడు. అన్నాక నవ్వాడు కూడా. ఆ నవ్వు చూశాకే నేను తప్పకుండా వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

తీరం నుంచి తారురోడ్డు దాకా

తోడుగా మా ఆడపడుచు వచ్చింది. మా ఆయన అక్క. భర్త పోయాక మా ఇంట్లోనే ఉంటోంది. వదిన ఏ పనికీ ముందుకు రాని మనిషి, ఈ ప్రయాణం అనగానే నాకంటే ముందు చీర మార్చుకుంది. అప్పుడే అనుమానించాల్సింది. అనుమానించలేదు.

జీడిమామిడి పళ్లు రాలే రోజులు. తోటల్లో దారి పొడుగునా పళ్లు. దొరసాని పది అడుగులకొకసారి ఆగి తింటుంది. ఎండ ముదరకముందే పలాస దారిలో సగం పోవాలనుకున్నాం. ఎండ ముదిరేసరికి మా ఊరి కొబ్బరిచెట్లు ఇంకా కనిపిస్తున్నాయి.

తారురోడ్డు ఎక్కేచోట చేపల తట్టలతో ఇద్దరు బెస్త ఆడవాళ్లు కలిశారు. వేటకెళ్లిన మగవాళ్లు తెల్లవారి తెచ్చిన సరుకు, పలాసలో అమ్మడానికి.

"ఏటప్పా, గేదిని అమ్మీడానికా తోలుకెల్తన్నారు?"

"నేదు, పెల్లి సేయడానికి" అంది వదిన.

"మరి సారె ఏదీ? ఒట్టి సేతుల్తో పిల్లని పంపేత్తన్నారు" అని పెద్దామె తట్టలోంచి రెండు ఎండు మెత్తళ్లు తీసి దొరసాని ముందు పట్టింది. దొరసాని వాసన చూసి ముఖం తిప్పేసింది. "ఓలమ్మ, అత్తోరింట్లో ఎలాగ బతుకుద్దో ఇది" అని వాళ్లు నవ్వుకుంటూ మమ్మల్ని దాటిపోయారు. తలమీద తట్ట మోస్తున్నవాళ్లు మాకంటే వేగంగా నడిచారు.

మధ్యాహ్నం ఒక పనసచెట్టు కింద చోడి అంబలి, ఉల్లిపాయ తిన్నాం. ఆ తోట యజమాని ఊరికే వచ్చి దొరసాని పొట్ట చూసి "బాగా బలిసినాది" అన్నాడు. జీడిపళ్లు ఎక్కువైపోయాయి అన్నాను నేను. అది నా రెండో తప్పు. వదిన దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకుంది. పలాస పొలిమేరలో వదిన చుట్టాలు ఉండబట్టి ఆ రాత్రికి వాళ్ల పెరడు దొరికింది.

కాశీబుగ్గ గేటు

మర్నాడు రైలుగేటు పడి ఉంది. లారీలు, రిక్షాలు, జీడిపప్పు డబ్బాల బళ్లు అన్నీ ఆగి ఉన్నాయి. గేటు లేవగానే అందరూ కదిలారు, దొరసాని తప్ప. కాలువలోంచి పొంగి రోడ్డు మీదికి వచ్చిన మురుగులో నిదానంగా మోకాళ్లు వంచి కూర్చుంది. వెనక వంద హారన్లు.

లారీ డ్రైవరు తల బయట పెట్టి, "అమ్మా, మీ గేదికి పలాస దాకే టిక్కెట్టు తీసినారేటి?" అన్నాడు.

నేను కొమ్ము పట్టుకుని లాగాను, తోక పట్టుకుని లాగాను, బతిమాలాను. ఊళ్లో దాని వంశం గురించి అంత గొప్పలు చెప్పిన నోటితో "లెగు తల్లీ, పరువు తియ్యకు" అని మురుగ్గుంటలో మోకాళ్ల మీద కూర్చుని వేడుకున్నాను. చివరికి జీడి కార్ఖానా నుంచి వస్తున్న ఆడవాళ్లు నలుగురు వచ్చారు. అందులో ఒకామె దాని చెవిలో నీళ్లు చిలకరించింది. ఠక్కున లేచింది. ఎక్కడ నేర్చుకున్నావంటే, "మా అత్తని లేపేది ఇలాగే" అంది.

ఆమె పేరు కాంతమ్మ. జీడిగింజల నూనె అంటి వేళ్లు చివరిదాకా నల్లగా ఉన్నాయి. మేము తోటల్లో గింజలు ఏరి బస్తాల్లో అమ్మేస్తాం, పప్పు నోట్లో వేసుకోం. వాళ్లు పొద్దస్తమానం పప్పు వలుస్తారు, వాళ్లూ వేసుకోరు. మరి ఇదంతా తినేదెవరో అని ఇద్దరం టీకొట్టు బల్ల మీద కూర్చుని కాసేపు ఆలోచించాం. టీ రూపాయిన్నర. మా ఊళ్లో రూపాయే. ఆ అర్ధరూపాయి గురించి వదిన పలాస దాటేదాకా గొణిగింది. కానీ పలాసలో గాజుల కొట్లు, సినిమా బొమ్మలు, బట్టల దుకాణాలు అన్నీ మెడ తిప్పి తిప్పి చూసింది.

"తిరిగి వచ్చీటప్పుడు ఇలాగే రండి. పెల్లికొడుకు ఎలాగున్నాడో సెప్పాల" అని కాంతమ్మ మాట తీసుకుంది.

సుమ్మాదేవి

ఇక్కడి స్టేషన్ చిన్నది. రైళ్లు చాలావరకు ఆగవు, ఈల వేసి పోతాయి. స్టేషన్ పక్క టీ కాసే ముసలాయన పూర్వం రైలుపట్టాల మీద పనిచేసినవాడట. అడవిపోతు కోసమని చెబితే నవ్వలేదు. గ్లాసులు కడుగుతూ చేత్తో తూర్పు పక్క చూపించాడు.

"అదిగో, ఆ మడులన్నీ తుంగ ఉండీది. మనిసి మునిగిపోయేటంత. మా నాయిన సిన్నప్పుడు ఎండాకాలంలో అడివి ఎనుములు మందలుగా దిగీవంట ఇక్కడికి, బురదలో పడుకోడానికి."

"మరి ఏమైపోయాయి?"

"తుంగ కొట్టీసినారు. నీరు తీసీసినారు. వరి ఏసినారు. మనిసికి అన్నం కావాల కదా." గ్లాసు బోర్లించి మళ్లీ అన్నాడు. "అది గాక, తుపాకులోల్లు వచ్చీవోరంట. డప్పులు కొట్టి మందని ఒక పక్కకి తోలడం, ఎదురుగా కూకుని కాల్సడం. కొమ్ములు ఎంత పొడుగుంటే అంత గొప్ప."

వదిన నా వంక చూసి, "ఇంటన్నావా? వరి ఏసినారంట, కాల్సీసినారంట. ఇంక మనకెక్కడ దొరుకుద్ది పెల్లికొడుకు, ఎనక్కి పోదాం" అంది. ఒక్క పోతైనా మిగిలే ఉంటుందన్నాను. లక్ష్మివారానికి ఇంకా ఆరు రోజులుంది.

మందస కోవా

మందసలో మాకు నీడ ఇచ్చినామె కోవా కాస్తుంది. పెద్ద బూర్లెమూకుడులో పాలు పోసి, మధ్యాహ్నం దాకా అట్లకాడతో గీకుతూ కూర్చుంటుంది. మా ఇళ్లల్లో పాలు మిగిలితే తోడు పెడతాం, పెరుగు మిగిలితే చిలుకుతాం. ఇక్కడ పాలు మిగలడం అనేది లేదు, అన్నీ మూకుడులోకే. ఆకులో పెట్టి చెరొక ముద్ద ఇచ్చింది. నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. వదిన రెండోది అడిగింది. నేను సిగ్గుపడి, తరవాత నేనూ అడిగాను.

ఆమె దొరసాని కొమ్ములు చూసి ముచ్చటపడి, "పూటకి ఎన్ని సేర్లిత్తాది?" అని అడిగింది.

"దీని వంశం..." అని నేను మొదలుపెట్టాను.

"వొంశం కాదమ్మా, పాలు."

వదిన చెప్పింది, "సుక్క నేదు. మా మరదలి కబుర్లు మట్టుకు బిందెలకి బిందెలు."

కొండ దిగువ

నాలుగోరోజు పొద్దున కొండ దిగువ సవరల గూడెం చేరాం. ముందు ఎదురైనవాళ్లు మా అవతారం చూసి, మమ్మల్ని సింగన్న తాత ఇంటికి పంపారు. గూడెంలో పెద్దవాడు ఆయనే. ఎనభై దాటి ఉంటాయి. సామల జావ పోయించి, మేము తాగేదాకా ఏమీ అడగలేదు. మా వైపైతే గుమ్మంలోనే ఊరు, ఇంటిపేరు, పనీ అన్నీ అడిగేస్తాం.

విషయం చెప్పాను. తాత లేచి లోపలికి వెళ్లి ఒక కొమ్ము తెచ్చాడు. పండగల్లో ఊదే కొమ్ముబూర. నల్లగా, నూనె పెట్టినట్టు మెరుస్తోంది. నేల మీద నిలబెడితే నా నడుము దాటింది. దాన్ని దొరసాని కొమ్ము పక్కన పట్టాడు. దొరసానిది అందులో సగం కూడా లేదు. నాలుగు రోజులుగా తల ఎత్తి నడిచినది దొరసాని ఒక్కతే కాదు కాబట్టి, నా తల కూడా కొంచెం దిగింది.

"ఇదొక్కటే ఉంది తల్లీ. జంతువు నేదు. నా సిన్నప్పుడే అయిపోనాయి."

"తుపాకులతోనా తాతా?"

"తుపాకులకి కొన్ని పోనాయి. తుంగ పోయి కొన్ని పోనాయి. మా పెద్దోల్లూ కొట్టుకు తిన్నారు, అబద్దమెందుకు. అయినా మంద ఉండీది. ఒక్క ఏడాదిలో మొత్తం పోనాది."

నేను అప్పుడైనా ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఒక్కటి మిగిలింది తాతా, మా మందలోకి వచ్చింది అని, అమ్మమ్మ కథ మొదటినుంచి చివరిదాకా చెప్పాను. పసుపు రాయడం, వేపదండ, డప్పులు, పొలిమేర, కొండ మెచ్చి పోతును పంపడం. ఎన్నోసార్లు చెప్పిన కథ కాబట్టి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నాకు బాగా తెలుసు. తాత కొమ్ముని ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

"ఆ పసుపు గేదిని నాను సూసినాను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"అప్పుడు నాకు ఏడో ఎనిమిదో. మెడలో ఏపాకు దండ ఉండీది. ఈ గెడ్డ ఎంబడే పైకి ఎక్కీసింది. పైన బురదమడుగుంది, మందంతా అందులోనే పడుకునీది. ఇదీ పోయి అందులోనే పడుకుంది. పశువు కదా, దానికి తోడు కావాల."

వాగు వైపు చూపించాడు. సన్నటి నీళ్లు, రాళ్లు.

"నెల తిరగనేదు. ఎక్కడ సూసినా సచ్చిన ఎనుములే. నోట్లో పుల్లు. మడుగులో పడినవి పడినట్టే. ఈ గెడ్డనీరు మేం శానా రోజులు తాగనేదు. అవతల కొండకి పోయి ఉన్నాం. ఒక్క పోతు మిగిలింది. ఏ రాయి మీద నిలబడితే ఆ రాయి మీద నిలబడి అరిసీది. మా యమ్మ సెవులు మూసుకునీది. వానలొచ్చినాక కిందికి దిగిపోనాది."

"మా అమ్మమ్మ ఊరికి" అన్నాను.

"మీ ఊరికే. అది మీ పూజ మెచ్చి రానేదు తల్లీ. దానికి ఇక్కడ ఇంకెవలూ నేరు."

నిష్ఠూరంగా అనలేదు. జావ ఇంకా కావాలా అని అడిగినట్టే అన్నాడు. ఆ కథ చెప్పి నేను ఎన్ని ఇళ్లల్లో కాఫీలు తాగానో, ఎందరు పిల్లల్ని నిద్రపుచ్చానో గుర్తొచ్చింది. అమ్మమ్మకి ఈ సగం తెలియదు. తెలుసుకోవాలంటే కొండ ఎక్కాలి, పొలిమేర దాటించాక ఎవరూ అటు చూడకూడదని ఆచారం. వెనక్కి చూడకుండా రావాలి. చూడలేదు.

వదిన మెల్లగా అడిగింది, "మరి దీని సంగతేటి తాతా? లచ్చివారం బేరగాడు వచ్చీత్తాడు."

తాత దొరసానిని వాగు దగ్గరికి తోలుకుపోయి చల్లటి నీళ్లు కడుపునిండా తాగించాడు. కుడిపక్క డొక్కలో పిడికిలి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. తరవాత నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టాడు. లోపలినుంచి ఏదో నా అరచేతిని తన్నింది.

"దీనికి మొగుడెందుకమ్మా? ఐదు నెలలు. ఈ ఎండలో ఇంత దూరం నడిపించినారా సూడిదాన్ని?"

నేను వదిన వైపు తిరిగాను. వదిన వాగులో రాళ్లు లెక్కపెడుతోంది.

"కార్తీకంలో టెక్కలి పెల్లికి నువ్వు నాలుగు రోజులు పోనావు కదా" అంది రాళ్లతోనే. "ఇది ఎదకొచ్చి ఒకటే అరుపు. పోలయ్య పోతు గోడ కాడే ఉంది. తలుపు తీసీసినాను."

"కుంటిదా?"

"కాలు కుంటిది."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నిలిసిందో నేదో నాకేటి తెల్సు? సెప్తే నువ్వు నన్ను సీపురుతో కొట్టీదానివి. లచ్చివారం దాకా ఆగి సెప్దామనుకున్నాను." కొంచెం ఆగి, "పలాస ఎప్పుడూ సూడనేదు నాను" అంది.

సింగన్న తాత ఆ రోజంతా అప్పుడప్పుడు తనలో తాను నవ్వుకోవడం చూశాను.

తిరుగుదారి

వచ్చేటప్పుడు ప్రతి చెరువులోనూ దొరసానిని దింపాం, ప్రతి చెట్టు కిందా ఆపాం. దారిలో వదినకి ఒక ఆలోచన వచ్చింది.

"అడివిపోతుదే అని సెప్పీ. కొండలో కట్టిందని సెప్పీ. ఎవలికి తెలుస్తాది? నీ మాట నిలబడుద్ది, మీ ఆయన నోరు మూస్తాడు."

బాగానే ఉందనిపించింది. నిజం చెబుతున్నాను, సుమ్మాదేవి దాటేదాకా ఆ అడవిపోతును నేను మనసులో తయారుచేసుకున్నాను. కొమ్ములు ఎంత పొడుగు, ఏ రాయి మీద నిలబడింది, ఎలా దిగి వచ్చింది. రాయి దగ్గరికి వచ్చేసరికి కథ ఆగిపోయింది. ఆ రాయి మీద నిలబడినదాన్ని నేను మళ్లీ దింపలేకపోయాను.

పలాసలో కాంతమ్మ గేటు దగ్గరే కాచుకుని ఉంది. "పెల్లికొడుకు ఎలాగున్నాడు?"

"పక్కింట్లోనే ఉన్నాడు. ఒకటిన్నర కొమ్ములు" అన్నాను. ఆమె నవ్వి నవ్వి, నల్లటి వేళ్లతో కళ్లు తుడుచుకుని, కళ్లు మండి, అప్పుడూ నవ్వుతూనే ఉంది. ఈసారి టీ డబ్బులు ఆమె ఇచ్చింది.

బుధవారం సాయంత్రం ఇల్లు చేరాం. మా ఆయన అరుగు మీద ఉన్నాడు, పక్కన పోలయ్య బావ. దొరికిందా అన్నాడు మా ఆయన. ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆయన దొరసాని డొక్క మీద చెయ్యి పెట్టి చూసి, మర్నాడు బేరగాణ్ణి వీధిలోంచే పంపేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ పోలయ్య బావ అన్నాడు, సంవత్సరం పొడుగునా.

శ్రావణంలో పెయ్య పుట్టింది. గడ్డం కింద తెల్లమచ్చ. నేను అబద్ధం చెప్పి ఉంటే ఆ మచ్చే నన్ను పట్టిచ్చేది.

దూడ పుట్టిన నెలకే ఊళ్లో పశువులకి గాళ్లు వచ్చాయి, నోట్లో పుళ్లు, గిట్టల్లో పుళ్లు. ముందుగా సోకింది పోలయ్య బావ పోతుకి. ముసర కాదు, అంత పెద్ద జబ్బూ కాదని డాక్టరు మందు ఇచ్చాడు. అయినా పెద్దవాళ్లు నలుగురు చేరి పసుపు నూరారు. ఎలాగూ ముసలిదైపోయింది, పొలిమేర దాటించేద్దాం అన్నారు. పోలయ్య బావ తల వంచుకుని నిలబడ్డాడు.

"ఏ పక్కకి తోలుతారు?" అని అడిగాను.

"ఆ పక్కకి" అని పడమటి వైపు చేయి చూపించారు.

ఆ పక్కకి నేను వెళ్లొచ్చాను అన్నాను. అరుగు మీద కూర్చుని, అమ్మమ్మ కథ మళ్లీ మొదటినుంచి చెప్పాను. అందరికీ వచ్చిన కథే. పోతు కొండ దిగిన దగ్గర లేవబోయారు, కూర్చోమని రెండో సగం కూడా చెప్పాను. చెప్పాక ఎవరూ పసుపు గిన్నె ముట్టుకోలేదు.

పోతును మా పెరట్లో, దొరసానికి, దూడకి దూరంగా, కొబ్బరిచెట్టుకి కట్టేశాం. గట్టి మేత తినలేదు కాబట్టి గంజి, మెత్తగా ఉడికిన చోళ్లు పెట్టాను. నోరు కడిగి మందు రాశాను. మూడు వారాలకి లేచింది. లేచాక తాడు విప్పేస్తే వెళ్లలేదు. ఇంటి ముందు ఎండబెట్టిన గడ్డి తిని, చీపురు కూడా నమిలింది. తరమబోతే వదిన అడ్డం వచ్చింది.

"కొత్తల్లుడు కదే. పది రోజులుండి పోతాడు" అంది.